బిక్షపతి ఊపిరి ఆపిన పదహారు సెకన్లు

బిక్షపతిని మొట్టమొదట చూసిన రోజునే నేను ఆయన్ని అబద్ధాలకోరు అన్నాను. మొహం మీద అనలేదు. అద్దానికి ఇవతల నా కుర్చీలో కూర్చుని, నాలో నేను గొణుక్కుంటున్నాననుకుని అన్నాను. తీరా చూస్తే మైకు ఆన్‌లో ఉంది.

"నేను అబద్ధం ఆడ్తలేను మేడం," అని సొరంగం లోపలి నుంచి ఆయన గొంతు వచ్చింది. "ఊపిరి ఆపిన. నిజంగనే ఆపిన."

నా పేరు త్రిపురసుందరి. పుట్టింది రాజోలు దగ్గర, కాపురం నాచారంలో, ఉద్యోగం ఉప్పల్ రోడ్డు మీద ఒక ఆసుపత్రిలో. దాని నేలమాళిగలో ఎమ్మారై గది ఉంది. అందులో పదకొండేళ్ళుగా టెక్నీషియన్‌ని. పైన మెట్రో రైళ్ళు పోతుంటాయి, వానలు వచ్చి వెలుస్తుంటాయి, స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజున రోడ్డంతా జనమే అంటారు. కింద మాకు మాత్రం ఎప్పుడూ ఒకటే చలి, ఒకటే దడదడ. అక్కడ కూర్చుంటే మధ్యాహ్నమో సాయంత్రమో తెలియదు. మెలకువలో ఉన్నామా, కునుకు తీస్తున్నామా అన్నది కూడా ఒక్కోసారి తెలియదు. మనుషులు తెల్ల గౌన్లు వేసుకుని, గడియారం, ఉంగరం, మొలతాడు అన్నీ వదిలేసి, అడుగులో అడుగేసుకుంటూ వస్తారు. వాళ్ళని బల్ల మీద పడుకోబెట్టి సొరంగంలోకి పంపి, ఊపిరి ఆపమనే రికార్డు మాట వినిపించడం నా పని.

లివరు ఒక చోట కుదురుగా ఉండదు. ఊపిరి తీస్తే కిందికి దిగుతుంది, వదిలితే పైకి ఎక్కుతుంది. అది కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. అందుకని పదహారు సెకన్లు ఆపాలి. పట్టుమని పదహారు సెకన్లు ఆపలేనివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నా నోటికి భయపడని ఆటోవాడు నాచారంలో లేడని మా ఆయన అంటుంటాడు. ఆయన అన్నవాటిలో నిజం అదొక్కటే.

బిక్షపతికి యాభై ఎనిమిదేళ్ళు. చిల్కానగర్‌లో రెండు కుర్చీల సెలూను ఉంది. ముహూర్తాల రోజుల్లో సన్నాయి వాయిస్తాడు. ఆ రోజు నాకు ఇవేవీ తెలియవు, ఆయన కాగితాలు మాత్రమే తెలుసు. ఎప్పుడో అంటుకున్న కామెర్ల వైరస్ ఆయన లివరులోనే కాపురం పెట్టి దాన్ని గట్టిగా, గరుకుగా చేసింది. ఆరు నెలలకోసారి చేయించుకునే అల్ట్రాసౌండులో కుడివైపు కింద నిమ్మకాయంత గడ్డ కనబడింది. సీటీ తీశారు. అది క్యాన్సరేనని తేలింది, కోసి తీసేయవచ్చని కూడా తేలింది. అయితే అదే సీటీలో బాగా పైన, ఊపిరితిత్తుల కిందుగా, ఇంకో మచ్చ ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. శనగ గింజంత మచ్చ.

అసలు చిక్కంతా ఆ శనగ గింజతోనే వచ్చింది. అది నిజంగా గడ్డే అయి, చూడకుండా లోపల వదిలేస్తే, పెద్దదాన్ని తీసి లాభం లేదు. ఏడాది తిరిగేసరికి ఇది దాని చోటికి వస్తుంది. గడ్డ కాక ఉత్త నీడ అయి, అనుమానం కొద్దీ అక్కడ కూడా కోస్తే, ఆ గరుకు లివరులో మిగిలేది మనిషిని నిలబెట్టడానికి చాలకపోవచ్చు. కాబట్టి ఉందో లేదో ముందే తేలాలి. ఆపరేషను గురువారం పెట్టారు. బిక్షపతి నా దగ్గరికి వచ్చింది సోమవారం.

దీనికోసం నరంలోకి ఒక మందు ఎక్కిస్తాం. ఇరవై నిమిషాలు గడిచాక బాగున్న లివరు ఆ మందుని తాగి తెల్లగా వెలుగుతుంది. గడ్డకి తాగడం చేతకాదు, నల్లగా ఉండిపోతుంది. ఆ తెలుపులో నలుపు కోసం వెతకాలి. అయితే ఆ వెలుగు గంటో గంటన్నరో ఉండి మెల్లగా తగ్గిపోతుంది, అదే రోజు మళ్ళీ మందు ఎక్కించడానికి లేదు.

మందు ఎక్కుతుండగా తీసిన బొమ్మలు అప్పటికే పాడయ్యాయి. లివరు అంచు ఒక్క గీతగా ఉండాలి, నాకు మూడు గీతలు కనబడుతున్నాయి. పేషెంటు పొట్ట మీద మేము ఒక బెల్టు కడతాం. ఊపిరి ఎలా నడుస్తోందో అది తెర మీద గీసి చూపిస్తుంది. ఆపినవాళ్ళ గీత చదునుగా పోతుంది, ఆపనివాళ్ళది ఎగుడుదిగుడుగా పోతుంది. బిక్షపతి గీత ఈ రెండు రకాల్లోనూ చేరలేదు. చదునుగానే పోతూ, మూడు సెకన్లకోసారి చటుక్కున ఒక చిన్న గంటు పడుతోంది. పదకొండేళ్ళలో అలాంటి గీతని నేను చూడలేదు. చూడలేదు కాబట్టే అబద్ధం అన్నాను. "పేషెంటు సహకరించలేదు" అని కాగితం మీద రాసి కూడా పెట్టేశాను.

ఇరవై నిమిషాల విరామంలో బల్లని బయటికి లాగి, ఆయన్ని కూర్చోబెట్టాను. ముక్కు కింద నా వేళ్ళు పెట్టాను.

"ఇప్పుడు ఆపండి. చూస్తాను."

ఆయన బుగ్గలు పొంగాయి. కళ్ళు మూసుకున్నాడు. మూడు అంకెలు లెక్కపెట్టేలోపల నా వేళ్ళ సందులోంచి చల్లటి గాలి చివుక్కున లోపలికి పోయింది. పెదవి చివర నుంచి సన్నగా బయటికి వస్తోంది.

"మరి ఇదేంటండీ?"

"ఏంది మేడం?"

"గాలి! ముక్కుతో తీస్తున్నారు కదా!"

"నేనెక్కడ తీస్తున్న? తీస్తలేను. మా ఆమె మీద ఒట్టు."

ఆయన మొహంలోకి చూశాను. దొంగతనం దొరికినవాడి మొహం కాదది. తన ఇంట్లో తనకి తెలియని గది ఉందని ఎవరో చెబితే బెదిరినవాడి మొహం. నా కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.

ఇంతలో గడప అవతల నవ్వు వినబడింది. ఆయన భార్య సత్తమ్మ. బయట బెంచీ మీద కూర్చోమంటే వినకుండా నా కంప్యూటర్ల గది దాకా వచ్చి నిలబడింది.

"అది సన్నాయి మేడం," అంది. "ఆయనకు ఎరుక లేదు. నలభై ఏండ్ల సంది గదే. నిద్రల గూడ గట్లనే తీస్తడు. పెండ్లైన కొత్తల నాకు మస్తు భయమైతుండె, ఈ మనిషి ఊపిరి ఎప్పుడు తీస్తుండో, ఎప్పుడు ఇడుస్తుండో తెల్వక."

అప్పుడు ఆయన చెప్పాడు. మందు ఆయన లివరులోకి మెల్లగా ఇంకుతున్న ఆ ఇరవై నిమిషాలలో, ఆ చలిలో, దుప్పటి కప్పుకుని, తొందర లేకుండా చెప్పాడు. జనగామ వైపు నుంచి పన్నెండేళ్ళప్పుడు తండ్రితో వచ్చాడు. తండ్రి ఆయన చేతికి సన్నాయి ఇవ్వలేదు, బొప్పాయి కాడ ఇచ్చాడు. చెంబు నిండా నీళ్ళు పోసి, కాడ అందులో ముంచి ఊదమన్నాడు. బుడగలు తెగకూడదు. తండ్రి చుట్ట వెలిగించి, అది కాలి ఆరేదాకా బుడగలు వస్తూనే ఉండాలి. బుగ్గలో గాలి దాచుకుని, దాన్ని వదులుతూనే ముక్కుతో కొత్త గాలి తీసుకోవాలి. తెగితే వీపు మీద కట్టె.

"ఏడాది నీళ్ళల్లనే ఊదిన," అన్నాడు. "తర్వాత సన్నాయి ఇచ్చిండు. ముహూర్తం టైంల గాలి తెగొద్దు మేడం. తుమ్ము గిట్ల, ఏడుపు గిట్ల, ఎవని నోట్లకెంచో చెడ్డ మాట గిట్ల పెండ్లిపిల్ల చెవుల పడొద్దు. పుస్తె కట్టెదాక సన్నాయి తెగొద్దు. ఒక్క పెండ్లిల గూడ నాది తెగలే."

ఈ మాట గర్వంగానే అన్నాడు. నాకు మాత్రం దిగులు పుట్టింది. ఒక్క పెళ్ళిలోనూ తెగని ఆ గాలి ఇప్పుడు పదహారు సెకన్లు తెగితే తప్ప ఆ శనగ గింజ సంగతి తేలదు.

నోరు తెరిచి ఉంచమన్నాను. నోరు తెరిస్తే బుగ్గలో గాలి నిలవదు కాబట్టి ఆ విద్య సాగదని నా తెలివి. విద్య సాగలేదు, ఊపిరీ ఆగలేదు. నాలుగో సెకనుకి ఎగశ్వాస వచ్చి ఎగిరిపడ్డాడు. మళ్ళీ చేశాం. అయిదు సెకన్లు. మళ్ళీ చేశాం. నాలుగు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ఆయన తుడుచుకోవడం లేదు.

"ఆపుతుంటె మా నాయిన కట్టె కనవడ్తుంది," అన్నాడు.

గోడ గడియారం చూశాను. ఇరవై నిమిషాలు కాస్తా నలభై అయ్యాయి. లోపల లివరు వెలుగుతోంది, ఆ వెలుగు తగ్గిపోయే సమయం కూడా దగ్గరికొస్తోంది. నేను మెత్తబడ్డానని చెప్పను. భయపడ్డాను. "సహకరించలేదు" అని రాసిన కాగితం టేబుల్ మీద నాకు కనబడుతూనే ఉంది. దాన్నలాగే పైకి పంపేస్తే నన్నెవరూ ఏమీ అనరు, ఇది ఇంకా భయం.

"అసలు మీరు ఎక్కడా ఆపరా?" అని అడిగాను. "నలభై ఏళ్ళలో ఏ ఒక్క చోటా?"

ఆయన దుప్పటి పక్కకి తీశాడు. "ఒక్క తాన ఆపుత."

"ఆ మాట ఈడ తియ్యకు," అంది సత్తమ్మ. ఆమె మొహంలో ఇందాకటి నవ్వు లేదు.

ఆయన తీశాడు. పండు ముసలివాళ్ళు పోతే మేళంతో సాగనంపే ఇళ్ళు ఇక్కడ ఇప్పటికీ ఉన్నాయి. దారి మధ్యలో ఒక చోట పాడెను నేల మీదికి దింపుతారు. అయినవాళ్ళు వంగి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతుందేమోనని ఆశ. అదే దింపుడు కళ్ళం. ఆ పిలుపు జరిగినంతసేపూ డప్పులు ఆగుతాయి, సన్నాయి ఆగుతుంది.

"గప్పుడు సన్నాయి పీక నోట్లకెంచి తీస్త," అన్నాడు బిక్షపతి. "నోరు తెరిచే ఉంటది. ఊపిరి తియ్య, ఇడువ. పలుకుతడేమో అని వింటుంట. మూడు పిలుపులు అయ్యెదాక."

"ఎంతసేపు?" అన్నాను. ఆ క్షణంలో కూడా నాలోని టెక్నీషియనే అడిగింది.

"ఎవలు లెక్కవెట్టిన్రు మేడం? మీకు కావల్సినంత ఉంటదనుకుంట." ఆయన బల్ల మీద తనంతట తనే వెనక్కి పడుకున్నాడు. "ఆ రికార్డు మాట బంద్ చేసి, నా పేరు పిలువున్రి."

"బతికున్న మనిషిని గట్ల పిలుస్తరా?" అంది సత్తమ్మ.

"బతకనీకెనే కదనే," అన్నాడు.

నేను బల్లని లోపలికి పంపి, తలుపు వేసి, నా కుర్చీలో కూర్చున్నాను. మైకు బటను మీద వేలు పెట్టాను. నొక్కలేకపోయాను. కసరడానికి ఎన్నడూ వెనకాడని నోరు ఒక మనిషి పేరు పలకడానికి రాలేదు. నా భుజం పక్కన బంగారం లేని, గాజులు మాత్రం ఉన్న ఒక చెయ్యి కనబడింది.

"పరాయోళ్ళు పిలిస్తే ఎట్ల పలుకుతడు?" అంది సత్తమ్మ. "జరుగున్రి. ఏడ నొక్కాలె?"

పెళ్ళయి ముప్పై ఆరేళ్ళు. మొగుడి పేరు నోటితో అనని తరం ఆమెది. రేషను కార్డు దగ్గర, బ్యాంకులో, పొద్దున మా కౌంటరు దగ్గర కూడా పక్కనున్నవాళ్ళ చేత చెప్పించింది. ఆమె మైకు దగ్గరికి వంగింది. నేను బొమ్మ మొదలుపెట్టాను. మిషను దడదడలాడింది.

"బిక్షపతీ," అంది.

అది పిలుపులా లేదు. ఎవరికీ వినబడకూడదని అన్నట్టుంది. తెర మీద గీత ఒక్కసారి కిందికి దిగి ఆగింది. మూడు సెకన్లు. నాలుగు. గంటు పడలేదు.

"బిక్షపతీ."

ఈసారి కాస్త గట్టిగా. ఎనిమిది. తొమ్మిది. గీత చదునుగా సాగిపోతోంది. ఆ చదునుని చూస్తుంటే సంతోషం వేయాల్సింది, వేయలేదు.

"ఓ బిక్షపతీ!"

పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదహారు. మిషను ఆగింది. నేను ఏమీ అనకముందే స్పీకరులోంచి వచ్చింది, నిద్రలోంచి లేచినట్టు, చాలా దూరం నుంచి.

"ఆఁ."

సత్తమ్మ నేల మీద చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆమెని పట్టించుకోలేదు, పట్టించుకోవాల్సింది. నా కళ్ళు తెర మీద ఉన్నాయి. లివరు అంచు ఒకటే గీత, కత్తితో గీసినట్టు. లోపలంతా తెల్లగా, గరుకుగా వెలుగుతోంది. కింద నిమ్మకాయంత నలుపు. పైన, చిట్టచివర, శనగ గింజంత నలుపు. నీడ కాదు. ఉంది.

కనబడినందుకు ఎగిరి గంతేయాలనిపించింది, అది అక్కడ ఉన్నందుకు ఏడుపొచ్చింది. రెండూ నిజమే. ముందు చేసిన పనేంటంటే, ఇందాక రాసిన కాగితాన్ని చింపేశాను.

ఆయన్ని బయటికి తీసినప్పుడు పైకప్పు వైపు చూస్తూ కాసేపు అలాగే పడుకున్నాడు. "నాచారం చెరువు కట్ట మీద పొద్దు గుంకుతుంది మేడం," అన్నాడు. "నన్ను దింపిన్రు. నా ముంగట నేనే సన్నాయి పట్టుకొని నిలవడ్డ. పలుకుతనా లేదా అని నేనే వింటున్న. మస్తు సప్పుడు లేకుంట ఉండె." ఎమ్మారై మోతలో చప్పుడు లేదన్న మనిషిని నేను ఆయన్నొక్కడినే చూశాను.

గురువారం నేను కిందనే ఉన్నాను. పైన ఏమైందో సాయంత్రం డాక్టర్ విజయభాస్కర్ గారు చెప్పారు. స్కానులు చదివే డాక్టరు ఆయన. లివరు ఆపరేషన్లప్పుడు అల్ట్రాసౌండు పట్టుకుని థియేటరులోకి కూడా వెళతారు. పొట్ట తెరిచాక చేత్తో తడిమితే లాభం లేకపోయిందట. గరుకు లివరు కదా, అంతా గడ్డల్లాగే తగులుతుంది. వేలెడంత ప్రోబుని నేరుగా లివరు మీదే పెట్టి, నా బొమ్మని ఎదురుగా తెర మీద ఉంచుకుని, పైనుంచి వెతికారు. రెండుసార్లు దొరికినట్టే దొరికి జారిపోయింది. వెంటిలేటరు ఊపిరి పోస్తుంటే లివరు కదులుతూనే ఉంది. అప్పుడు మత్తు డాక్టరుని అడిగి ఆ ఊపిరిని కాసేపు ఆపించారు.

"కదలకుండా నిలబడింది," అన్నారు ఆయన. "సరిగ్గా నీ బొమ్మలో ఉన్నచోటే, తొమ్మిది మిల్లీమీటర్లు. అదెక్కడుందో తెలియకుండా వెతికితే వదిలేసేవాళ్ళం సుందరీ. రెండూ తీసేశారు. దాని చుట్టూ కొంచెమే కోశారు. మిగతా అంతా ప్రోబుతో చూశాను, ఇంకేం లేదు."

ఆయన వెళ్ళాక నేను తలుపు వేసుకుని ఏడ్చాను. ఎందుకో నాకు బాగా తెలుసు. పదకొండేళ్ళలో నేను "సహకరించలేదు" అని రాసి పంపినవాళ్ళ మొహాలు ఒక్కటి కూడా గుర్తు రాలేదు, అందుకు ఏడ్చాను.

ఆరో రోజున ముక్క పరీక్ష రిపోర్టు వచ్చింది. శనగ గింజ కూడా క్యాన్సరే. మధ్యాహ్నం భోజనం మానేసి మూడో అంతస్తు వార్డుకి వెళ్ళాను. ఉద్యోగంలో చేరాక మా నేలమాళిగ నుంచి పేషెంటుని చూడడానికి పైకి వెళ్ళడం అదే మొదలు. కిటికీ బయట వాన వెలిసి, మెట్రో స్తంభాల మీద ఎండ పడుతోంది. బిక్షపతి దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. సగానికి సగం అయిపోయాడు. చేతిలో మూడు నీలం బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. పొట్ట కోసిన ప్రతివాళ్ళకీ ఇస్తారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి లాగితే బంతులు పైకి లేవాలి. ఊపిరితిత్తులు మూసుకుపోకుండా ఇది చేయించి తీరాలి.

"రెండోది ఉండెనా మేడం, నిజంగ?" అన్నాడు నన్ను చూడగానే.

"ఉంది. అది కూడా క్యాన్సరే. తీసేశారు. ఇప్పుడు లేదు."

ఆయన తల ఊపాడు. గొట్టం నోట్లో పెట్టుకుని లాగాడు. ఒక్క బంతీ కదలలేదు. చెమటలు పట్టాయి. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని మళ్ళీ లాగాడు. మొదటి బంతి అడుగున చిన్నగా ఊగి అక్కడే ఉండిపోయింది.

"చూసిన్రా నా బతుకు," అన్నాడు. నవ్వబోయాడు, నొప్పి నవ్వనివ్వలేదు. "పక్క మంచం ముసలమ్మ రెండు లేపుతుంది."

నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. అలాంటివి నాకు రావు. "ఇంకోసారి లాగండి, ఊరుకోవద్దు," అని కసిరాను. ఆ కసురు వినగానే ఆయన కళ్ళలో కొంచెం వెలుగొచ్చింది. గొట్టం అందుకున్నాడు. మెల్లగా, తొందర లేకుండా లాగాడు. మొదటి బంతి లేచింది. పైదాకా వెళ్ళి అక్కడ నిలిచింది. ఆయన ఇంకా లాగుతూనే ఉన్నాడు. రెండోది వణికింది, ఒక అంగుళం లేచింది, ఆయన మొహం ఎర్రబడింది, అయినా వదలడం లేదు.

సత్తమ్మ మంచం మీద కూర్చుని, ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"ఇగ చాలు," అంది. "బతికినవ్ గదా. జర ఊపిరి ఇడువు."